పాత బండి – పిల్లల చేతికి విద్య
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వార్షిక సభలలో సాధారణంగా పిల్లల చదువు, స్కాలర్‌షిప్పులు, పెళ్ళి ఖర్చులు, జకాత్ సొమ్ము వినియోగం వంటి విషయాల మీద పెద్దలు మాట్లాడుతుంటారు. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు, పాత మోటారు సైకిలు గురించి చెబుతామన్నాము. ఆయన నవ్వి, "మన సొసైటీకీ మోటారు సైకిలుకీ ఏమిటండీ సంబంధం?" అన్నారు. సంబంధం ఉన్నదనే మా మనవి. ఇంట్లో మూలపడిన బండిని ఇంటివాళ్ళే బాగుచేసుకోవడం సరదా మాత్రమే కాదు. మన ఉస్తాదుల చేతుల్లో ఉన్న విద్యను, బడి మాన్పించకుండా మన పిల్లల చేతుల్లోకి తెచ్చే దారి అది. ఆ సంగతే ఈ పూట విన్నవించుకుంటాము.

మాది రెడ్డిగూడెం. మెట్ట ప్రాంతం, మామిడి తోటల ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు కాగితాల మీద కృష్ణా జిల్లా పోయి ఎన్.టి.ఆర్. జిల్లా వచ్చింది గాని, తోటలు అవే, దారులూ అవే. మా అబ్బాజాన్ తోటలు గుత్తకు పట్టి కాయ వ్యాపారం చేసేవారు. మైలవరం, నూజివీడు, బెజవాడ, ఎక్కడికి పోవాలన్నా ఆయనకు జావా మోటారు సైకిలే. 1971లో రిజిస్టరైన బండి. వారు అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత అది పశువుల పాకలో చేరింది. ట్యాంకు తుప్పు పట్టింది, సీటును ఎలుకలు కొట్టినవి, ఒక ఏడాది దాని పక్కనే కోడి పొదిగింది కూడా. పాత ఇనుము కొనే అతను వచ్చి తూకానికి ఇంత అని ధర చెప్పాడు. ఇంట్లో సగం మంది అమ్మేద్దామన్నారు, సగం మంది వద్దన్నారు. అప్పుడు మా అమ్మీ ఒక మాట అన్నది: "అమ్మితే అమ్మండి. ముందు ఆ బండి లోపల ఏముందో పిల్లలకు చూపించండి. మీ నాయన దాన్ని విప్పి బిగించేవారు. మీకెవరికన్నా వచ్చా?"

మాలో ఎవరికీ రాదు. అక్కడ మొదలైంది ఈ పని.

ముందు ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు రెండు మాటల్లో చెప్పుకోవాలి. జావా అనే పేరు చెకోస్లవేకియాది. 1929లో యానెచెక్ అనే ఆయన వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటారు సైకిలు తయారీని తీసుకున్నాడు. ఆ రెండు పేర్లలోని మొదటి అక్షరాలు కలిస్తే జావా. మన దేశంలో రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీ అనే పార్సీలు మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టారు. 1961లో అక్కడ బండ్లు తయారు కావడం మొదలైంది. తరువాత అవే బండ్లు యెజ్డీ పేరుతో వచ్చినవి. 1980ల మధ్యలో జపాను కంపెనీల సహకారంతో వంద సీసీల బండ్లు దిగినవి. 1985లో వచ్చిన హీరో హోండా లీటరు పెట్రోలుకు పోయే దూరం చూశాక, రెండు స్ట్రోకుల పెద్ద బండ్లను కొనేవారు తగ్గిపోయారు. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరుతో, 2022లో యెజ్డీ పేరుతో మళ్ళీ బండ్లు వచ్చినవి గాని అవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు. వాటి సామాను మన పాత బండికి పనికిరాదు. అంటే పాత జావా బతకాలంటే దాన్ని చేతితో బాగుచేయగలవాడు ఉండాలి. అలాంటివారు ఇప్పుడు ఎందరున్నారు?

నందిగామ వైపు ఒక పెద్ద ఉస్తాద్ ఉన్నారని తెలిసి వెళ్ళాము. డెబ్బై దాటిన మనిషి. షెడ్డు మూసేసి చాలాకాలమైంది. కంటిచూపు తగ్గింది. మా పిల్లలను ఆదివారాలు మీ దగ్గరకు పంపుతామని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "నన్ను తొమ్మిదో ఏట బెజవాడ షెడ్డులో పెట్టారు బాబూ. పానా పట్టడం వచ్చింది, పలక పట్టడం రాలేదు. పిల్లలు నా దగ్గరకు రావద్దు, నేనే మీ ఇంటికి వస్తా. ఆదివారాలూ, సెలవు రోజులూ. బడి రోజున ఎవరైనా పానా ముట్టుకున్నారో, నేను రాను" అన్నారు. ఆయన పెట్టిన షరతు ఇదొక్కటే. పదో తరగతి కుర్రవాడు ఒకడు, తొమ్మిదో తరగతి వాడు ఒకడు, ఇంటర్మీడియట్ చదివే మా అమ్మాయి ఒకతె ఆయనకు శిష్యులైనారు.

పని ఏ వరుసలో జరిగిందో చెబుతాము. మీ ఇళ్ళలోనూ ఇలాంటి బండి ఉంటే ఉపయోగపడుతుంది.

మొదటిది కాగితాలు. ఇనుము కంటే ముందు కాగితం చూడాలి. ఆర్.సి. పుస్తకం మా ఇంట్లో ట్రంకు పెట్టెలో నిఖానామాతో పాటు దొరికింది. అందులోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది నంబర్లతో సరిపోవాలి. యజమాని చనిపోతే 30 రోజులలోపు రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలలలోపు 31వ నంబరు ఫారంతో వారసుల పేరుకు మార్పించుకోవాలని రూలు ఉన్నది. మన ఇళ్ళలో ఇది దాదాపుగా ఎవరూ చేయరు. పెద్దవారి పేరు మీదే బండి నడుపుతారు, ప్రమాదం జరిగిననాడు ఇన్సూరెన్సు దగ్గర ఇబ్బంది పడతారు.

మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి 50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వేరే రూల్సు తెచ్చింది. వాటిని వింటేజి వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్ళు చెల్లుతుంది. తరువాత తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. పాత నంబరు ఉన్న బండి ఆ నంబరునే ఉంచుకోవచ్చు. కొత్తగా ఇచ్చే నంబరులో అయితే వి.ఎ. అనే అక్షరాలుంటాయి. కాని ఇలా నమోదైన బండిని రోజువారీ పనులకు గాని వ్యాపారానికి గాని తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం వంటి వాటికే బయటకు తీయాలి. ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపం మార్చి ఉండకూడదు. కాబట్టి రోజూ నడుపుకుందామనుకునేవారు మామూలు రిజిస్ట్రేషనునే రెన్యువల్ చేయించుకోవడం మంచిది. ఏది కావాలో పని మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి.

రెండవది, విప్పకముందు రాసుకోవడం. ఉస్తాద్ మొదటి ఆదివారం ఒక్క నట్టు కూడా విప్పనివ్వలేదు. నాలుగు వైపులా ఫోటోలు తీయించారు. ఏ తీగ ఎక్కడికి పోతుందో అమ్మాయి చేత బొమ్మ గీయించారు. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ వేరువేరు డబ్బాలలో పోసి, డబ్బా మీద పేరు రాయాలి. "విప్పడం ఎవడైనా విప్పుతాడు. ఎలా విప్పాడో గుర్తున్నవాడే మేస్త్రీ" అనేవారు. అలా మొదలైన నోటుపుస్తకం పని అయ్యేనాటికి రెండు వందల పేజీలైంది.

మూడవది ఇంజను. ఏళ్ళ తరబడి కదలని బండిని చూడగానే చాలామంది కిక్కు కొడతారు. కొట్టకూడదు. పిస్టను బోరుకు పట్టేసి ఉంటుంది, బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి కొన్ని రోజులు వదిలేయాలి. తరువాత పై గేరులో పెట్టి వెనుక చక్రాన్ని మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. మా బండి తొమ్మిదో రోజున కదిలింది.

జావా ఇంజనులో ఒక విశేషమున్నది. ఈనాటి బండ్లలో గాలి పెట్రోలు లోపలికి రావడానికి, పొగ బయటకు పోవడానికి వాల్వులుంటాయి. ఇందులో వాల్వులు లేవు. పిస్టను పైకీ కిందికీ ఆడుతూ బోరులోని కిటికీలను తానే మూస్తుంది, తానే తెరుస్తుంది. పెట్రోలు, గాలి కలిసి ముందు క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడినుంచి పైకి పోతాయి. అందువల్ల క్రాంకుకు రెండు వైపులా ఉండే ఆయిలు సీళ్ళు గట్టిగా ఉండాలి. అవి ఎండి పగిలితే దొంగగాలి లోపలికి వస్తుంది, ఇంజను వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే పాత రెండు స్ట్రోకుల బండ్ల జబ్బులు సగం అర్థమైనట్లే.

బోరు చేయించే పని ఇంట్లో కాదు. సిలిండరును బెజవాడ ఆటోనగరుకు తీసుకుపోయి లేతు మీద బోరు కొట్టించి, దానికి తగిన ఓవర్‌సైజు పిస్టను వేయించాము. ఈ బండి పిస్టను కొత్తలో 65 మిల్లీమీటర్లు. క్రాంకు బేరింగు కూడా ప్రెస్సు ఉన్న షాపులోనే వేయించాలి. ఇంట్లో ఏది చేయాలి, బయట ఏది చేయించాలి అనే తెలివి కూడా ఈ విద్యలో భాగమే.

ఈ ఇంజనుకు పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. బోరు కొత్తది కాబట్టి ఇరవై పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు, అంటే లీటరుకు 50 మిల్లీలీటర్ల చొప్పున కలపమన్నారు ఉస్తాద్. ఇంకొక జాగ్రత్త ఇప్పటి కాలానిది. ఈనాటి పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను పాడుచేస్తుంది. కనుక గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకునేవి వేసుకోవాలి. వారాల తరబడి బండి తీయకపోతే ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేసి ఉంచాలి.

నాలుగవది కరెంటు. ఈ బండి డైనమో 6 వోల్టులది. బజారులో దొరుకుతున్నది గదా అని 12 వోల్టుల బల్బు వేస్తే దీపం మిణుకుమిణుకుమంటుంది. పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటరు ఉండాలి. ఉస్తాద్‌కు చూపు ఆనదు గనుక ఆయన చెబుతుంటే సందు సరిచేసింది, తీగలన్నీ కొత్తగా వేసింది మా అమ్మాయే. "ఈ పిల్ల చెయ్యి వణకదు" అని ఆయన మెచ్చుకున్నారు. ఆడపిల్లకు ఈ పని ఎందుకన్న బంధువులు కూడా దీపం వెలిగాక మాట్లాడలేదు.

ఐదవది తుప్పు, రంగు. చిన్న చిన్న నట్లను చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టి తోమితే తుప్పు వదిలింది. ఇది మా అమ్మీ చెప్పిన ఉపాయం, ఇత్తడి బిందెలు తోమిన అనుభవం. ట్యాంకులో గుప్పెడు పాత నట్లు, డీజిలు పోసి కుదిపి కుదిపి కడిగాము. నికెలు, క్రోమియం పూత మాత్రం ఇంట్లో పెట్టుకోకూడదు, ఆ ద్రావకాలు విషం. పాత బ్రేకు లైనింగుల దుమ్మును నోటితో ఊదకూడదు. అందులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవాలి. వానాకాలంలో రంగు వేస్తే తేమకు పాలిపోతుంది గనుక ఎండలు వచ్చేదాకా ఆగాము. మెరూన్ రంగు మీద బంగారు గీత గీయడానికి జగ్గయ్యపేట నుంచి ఒక పాత సైన్‌బోర్డు ఆర్టిస్టు వచ్చారు. ఫ్లెక్సీలు వచ్చిన తరువాత ఆయన కుంచె పట్టిన రోజులు తక్కువ. ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో గీశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇలా ఒక మామిడి కాపు నుంచి మరుసటి కాపు దాకా పట్టింది. జావాకు గేరు కడ్డీ, కిక్కు కడ్డీ ఒక్కటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు అవుతుంది. ఆ సంగతి తెలియని చుట్టాలు కిక్కు ఏదిరా అని వెతుకుతుంటే, చిన్నవాడు నవ్వుతూ తిప్పి కొట్టాడు. ఆరో కిక్కుకు బండి లేచింది. రెండు సైలెన్సర్ల మోత వీధి చివరి దాకా వినిపించింది. మా అమ్మీ లోపలికి వెళ్ళిపోయి చాలాసేపు బయటకు రాలేదు. ఉస్తాద్ మాత్రం బండి వైపు చూడలేదు. "బండి లేచింది సరే, పుస్తకం పూర్తయిందా?" అని అమ్మాయిని అడిగారు.

సోదరులారా! ఆయన అడిగిన ఆ మాటే మన సొసైటీ ఆలోచించవలసిన విషయం.

2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదికను మనలో చాలామంది చదివారు. స్వయం ఉపాధి మీద, రవాణా, మోటారు వాహనాల మరమ్మతు, చిల్లర వ్యాపారం వంటి పనుల మీద మన సముదాయం వారు ఎక్కువగా ఆధారపడుతున్నారని అది చూపించింది. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడికి పోనివారో, మధ్యలో మానినవారో అని కూడా చెప్పింది. ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి చుట్టాలే. షెడ్డులో పని నేర్చుకోవాలంటే బడి మానాలి అన్నది మన వాడుకైపోయింది. మన ఉస్తాద్ కూడా అలా నేర్చినవారే. ఆయన విద్య గొప్పదే, దానికి ఆయన ఇచ్చుకున్న ధర అంతకంటే పెద్దది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదన్నారు. చట్టం మంచిదే. కాని షెడ్డు దారి మూసుకుని, మరొక దారి వేసుకోకపోతే, ఆ విద్య ఉస్తాదులతోనే మట్టిలో కలుస్తుంది.

ఈ కాలంలో పాత బండి పని నేర్చి ఏం లాభమని కొందరు అడుగుతారు. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 బండ్లు వచ్చినవి, కార్బురేటరు పోయి కంప్యూటరు వచ్చింది, నిజమే. అయినా ఇంజనులో కంప్రెషను ఉండాలి, సరైన వేళకు నిప్పురవ్వ రావాలి, పెట్రోలు పాళ్ళు కుదరాలి. ఈ మూడూ మారలేదు. స్కానరు ఏ సెన్సారు ఫిర్యాదు చేస్తున్నదో చెబుతుంది. ఆ ఫిర్యాదుకు మూలం ఎక్కడున్నదో వెతికేది మనిషే. సామాను మార్చడం మాత్రమే వచ్చినవాడికీ, రోగం పట్టగలిగినవాడికీ కూలీలోనే తేడా ఉంటుంది. మా పదో తరగతి కుర్రవాడు పాసై ఐ.టి.ఐ.లో రెండేళ్ళ మోటారు మెకానిక్ ట్రేడులో చేరాడు. అక్కడ పుస్తకంలో ఉన్నదాన్ని వాడు ముందే చేత్తో ముట్టుకుని చూసినవాడు.

హజ్రత్ దావూద్ అలైహిస్సలాం వారికి అల్లాహ్ ఇనుమును మెత్తన చేసి ఇచ్చినట్లు, ఆయన కవచాలు తయారుచేసినట్లు ఖురాన్ తెలుపుతున్నది. ప్రవక్త అయివుండి కూడా ఆయన తన చేతి సంపాదన మీదనే తిన్నారని హదీసు ఉన్నది. చేతిపని చిన్నతనమని మన పిల్లలు అనుకోకూడదు. అలాగని చేతిపని పేరు చెప్పి చదువు మాన్పించనూ కూడదు. పనికివచ్చే వస్తువును పారేయడం ఇస్రాఫ్. పనికివచ్చే విద్యను పోనివ్వడం అంతకంటే పెద్ద ఇస్రాఫ్. ఉస్తాద్ దగ్గర ఉన్నది మన పిల్లల అమానతు.

కనుక కార్యవర్గం వారికి నాలుగు మనవులు చేసుకుంటున్నాము. మొదటిది, మన ప్రాంతంలో ఉన్న పెద్ద మెకానిక్కులు, వెల్డర్లు, లేతు మేస్త్రీల పేర్లు రాసి, ఒక్కొక్కరికి చదువుకునే పిల్లనో పిల్లవాడినో జతచేసి, వారు చెప్పింది నోటుపుస్తకంలో రాయించాలి. రెండవది, నెలకు రెండు ఆదివారాలు సొసైటీ ఆవరణలోనే ఒక పాత బండిని విప్పి బిగించే తరగతి పెట్టాలి. బండ్లు మన పాకల్లోనే ఉన్నాయి, మా జావా మొదట ఇస్తాము. ఉస్తాదులకు ఊరికే చేయించుకోకుండా గౌరవమైన రుసుము ఇవ్వాలి. మూడవది, బడికి వెళ్ళకుండా నేర్చిన పనికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేశారు. మన దగ్గరలో అది ఎక్కడ జరిగితే అక్కడికి మన పనివారిని తీసుకువెళ్ళాలి. యాభై ఏళ్ళు పనిచేసిన చేతికి ఒక కాగితం లేకపోవడం మన అందరికీ లోటు. నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. ఇంటి ఇబ్బంది వల్ల ఏ పిల్లవాడైనా బడి మాని షెడ్డుకు పోతున్నాడని తెలిస్తే, ఆ ఇంటి గడప ముందుగా తొక్కేది మన సొసైటీ కావాలి.

మా అమ్మాయి నోటుపుస్తకం ఈ సభలో బల్ల మీద ఉంచాము. నూనె మరకలున్నాయి, మన్నించండి. పిల్లలెవరైనా తిరగేసి చూడవచ్చు, కావలసినవారు నకలు తీసుకోవచ్చు. దానిలో చివరి పది పేజీలు ఖాళీగా వదిలారు. ఇంకా చెప్పవలసినవి ఉన్నాయని ఉస్తాద్ అన్నారు. అల్లాహ్ ఆయనకు ఆయువును, మన పిల్లలకు ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.